స్టేషన్ కింద సముద్రం

న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్ కింది అంతస్తులో, పెంకుల కమానుల కింద, 440 మంది ఒకేసారి కూర్చుని తినగల చేపల హోటల్ ఒకటుంది. పేరు ఆయిస్టర్ బార్. తాను పుట్టింది 1913లో అని గర్వంగా చెప్పుకుంటుంది. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఆ ఏడాది ఫిబ్రవరి 2న స్టేషన్ తలుపులు తెరుచుకున్నాయి, కింద భోజనశాల కూడా అదే ఏడాది మొదలైంది. కాకపోతే అప్పుడది ఆయిస్టర్ బార్ కాదు, స్టేషన్ పేరు మీదే నడిచిన మామూలు రెస్టారెంటు. ఆల్చిప్పలు వడ్డించే కౌంటర్ అందులో ఒక భాగం మాత్రమే. ఇవాళ దేశదేశాల నుంచి జనం వెతుక్కుంటూ వచ్చే చేపల హోటల్ 1974లో, మూతపడిన గదిలో, ఒక వ్యాపారి చేతుల మీదుగా కొత్తగా పుట్టింది. యజమానులు మారారు, మెనూ మారింది, పళ్లెంలోకొచ్చే ఆల్చిప్ప ఏ నీళ్లలో పెరిగిందన్నదీ మారింది. మరి ఇందులో వందేళ్ల నాటిది ఏది? గది, ఆ గది ఉన్న చోటు, ఆ చోటు మీదుగా రోజూ నడిచిపోయే మనుషులు. పాత హోటళ్ల గురించి రాసేటప్పుడు తాతల నాటి వంటకాన్నీ, బయటికి పొక్కని మసాలానూ, మూడు తరాల వారసత్వాన్నీ పొగడటం మనకు అలవాటు. ఈ హోటల్ విషయంలో ఆ పొగడ్తను చేర్చాల్సిన చోటు వేరు. వంట ఎన్నిసార్లు మారినా పట్టించుకోకుండా, గదిని మాత్రం వదలకుండా బతికిన హోటల్ ఇది.

ఆ గది అక్కడెందుకుందో తెలియాలంటే 1902 నాటి ప్రమాదం దగ్గర మొదలుపెట్టాలి. అప్పట్లో రైళ్లు బొగ్గు పొగ కక్కుతూ పార్క్ అవెన్యూ సొరంగం గుండా ఊళ్లోకి వచ్చేవి. జనవరి 8 ఉదయం, పొగా ఆవిరీ కమ్మేసిన ఆ సొరంగంలో, సిగ్నల్ దాటి వచ్చిన ఒక రైలు ముందు ఆగి ఉన్న రైలును వెనక నుంచి గుద్దింది. 15 మంది చనిపోయారు. 1908 తర్వాత మాన్‌హట్టన్‌లోకి ఆవిరి ఇంజిన్లు రాకూడదని చట్టం చేశారు. రైల్వే ముఖ్య ఇంజినీరు విలియం విల్గస్ ఆ ఆంక్షలోంచే కొత్త స్టేషన్‌ను లాగాడు. కరెంటు రైలుకు పొగ ఉండదు. పొగ లేనప్పుడు పట్టాలను నేల కిందికి, ఒకదాని కింద ఒకటిగా రెండు అంతస్తుల్లో దించొచ్చు. పైన మిగిలిన ఖాళీ జాగాను, అంటే అక్షరాలా గాలిని, మేడలు కట్టేవాళ్లకు అద్దెకిచ్చి ఖర్చంతా రాబట్టొచ్చు. ఎయిర్ రైట్స్ అంటూ ఇవాళ రియల్ ఎస్టేట్ వాళ్లు మాట్లాడుకునే బేరానికి పెద్ద ఎత్తున దారి వేసింది ఆయనే. ఇదే బేరం అరవై ఏళ్ల తర్వాత ఈ స్టేషన్ మెడకే చుట్టుకుంది, ఆ సంగతి తర్వాత. దూరం వెళ్లే రైళ్లు పై అంతస్తుకీ, శివారు ఊళ్ల రైళ్లు కింది అంతస్తుకీ పోయాయి. రెంటి మధ్య మెట్లకు బదులు ర్యాంపులు వేశారు, పెట్టెలు మోసుకొచ్చే మనిషి ఎక్కడా ఆగకుండా నడిచిపోవాలని. ఆ ర్యాంపులు కలిసే చోట భోజనశాల కట్టారు. పొగ బండ్ల కాలంలో నేల కింద, పట్టాల పక్కన కూర్చోబెట్టి భోజనం పెడతామంటే నవ్వేవాళ్లు. కరెంటు వచ్చాక అదే చోటు బంగారమైంది. సాయంత్రం ఇంటికెళ్లే సీజన్ టికెట్ మనిషి తన రైలు వైపు దిగుతూ ఈ గుమ్మం ముందు నుంచే పోతాడు. ప్రకటనలకు ఎంత పోసినా రాని గిరాకీని స్టేషన్ నక్షాయే తెచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

పైకప్పు చరిత్ర ఇంకాస్త దూరం నుంచి వచ్చింది. రఫాయెల్ గుస్తవీనో స్పెయిన్‌లోని వాలెన్షియా మనిషి. 1881లో చిన్న కొడుకును వెంటబెట్టుకుని న్యూయార్క్‌లో దిగాడు. పలుచటి మట్టి పెంకులను త్వరగా గట్టిపడే మోర్టార్‌తో పొర మీద పొరగా అతుకుతూ కమాను లేపడం ఆయన ప్రాంతపు తాపీ మేస్త్రీలకు తరతరాల విద్య. గుస్తవీనో దాన్ని అమెరికాలో పేటెంటు చేయించి కంపెనీ పెట్టాడు. ఒక్కో పెంకు అంగుళం మందం. కింద కర్రల ఆసరా పెద్దగా అక్కర్లేదు, బరువు తక్కువ, ఖర్చూ తక్కువ. అన్నిటినీ మించి, నిప్పుకు లొంగదు. 1871లో షికాగో తగలబడ్డాక నిప్పు పేరు చెబితేనే వణికే అమెరికా నగరాలకు ఆ ఒక్క గుణం చాలింది. తండ్రి 1908లో చనిపోతే గ్రాండ్ సెంట్రల్ పని కొడుకు చేతుల మీద జరిగింది. వలసదారులు బారులు తీరిన ఎల్లిస్ ఐలాండ్ హాలు పైకప్పు కూడా వాళ్ల కంపెనీదే. 1980లలో దాన్ని బాగుచేసినప్పుడు 28 వేలకు పైగా పెంకుల్లో మార్చాల్సి వచ్చినవి 17. ఆయిస్టర్ బార్ కమానులకు అసలు పరీక్ష 1997 జూన్‌లో ఎదురైంది. హోటల్లో మంటలు లేచాయి. వేడికి అడుగు వరస పెంకులు దెబ్బతిన్నాయి గానీ కమాను కూలలేదు. పాడైనచోట కొత్త పెంకులు అతికి మళ్లీ తెరిచారు. వంటగది, కౌంటర్లు, బల్లలు మళ్లీ సమకూర్చుకోగలిగినవి. కమాను పడిపోయి ఉంటే మాత్రం ఇక్కడ రాయడానికి విషయమే ఉండేది కాదు. హోటల్ గుమ్మం బయట ఇలాంటిదే మరో కమాను ఉంది. దాని కింద ఒక మూల గోడ వైపు తిరిగి గుసగుసలాడితే ఎదుటి మూలలో నిలబడ్డవాళ్లకు స్పష్టంగా వినబడుతుంది. గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి పైన వినిపించే గైడ్లను చూసిన తెలుగువాళ్లకు ఇదంత వింత అనిపించకపోవచ్చు. అక్కడికొచ్చే పర్యాటకులు మాత్రం వరసలో నిలబడి మరీ గుసగుసలాడుకుంటారు.

ఇక పళ్లెంలోకి వద్దాం. న్యూయార్క్‌కూ ఆల్చిప్పలకూ ఉన్న చుట్టరికం ఈ హోటల్ కంటే, ఆ మాటకొస్తే ఆ నగరం కంటే పాతది. యూరప్ ఓడలు రాకముందే లెనాపే ప్రజలు హడ్సన్ ముఖద్వారంలో ఆల్చిప్పలు తిని, చిప్పలను గుట్టలు పోసేవారు. పెర్ల్ స్ట్రీట్ అన్న వీధి పేరు ఆ చిప్పల గుట్టల జ్ఞాపకమే. వలస వచ్చినవాళ్లు ఆ చిప్పల్ని కాల్చి సున్నం చేసి ఇళ్లు కట్టుకున్నారు. కాకినాడ అఖాతంలో దొరికే పలుచటి అద్దంలాంటి ఆల్చిప్పలనూ మన తీరంలో సున్నానికే వాడారు. చిప్ప విలువ రెండు తీరాలకూ తెలుసు, లోపలి మాంసం మీద మోజు మాత్రం వాళ్లదే. 19వ శతాబ్దపు న్యూయార్క్‌లో అది పేదవాడి తిండి. కెనాల్ స్ట్రీట్ నేలమాళిగల్లో 6 సెంట్లు ఇస్తే తిన్నన్ని ఆల్చిప్పలు పెట్టేవాళ్లు. అలాంటి నేలమాళిగ తిండిని పెద్దమనుషుల భోజనంగా మార్చిన ఘనత థామస్ డౌనింగ్‌ది. వర్జీనియా తీరంలో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి తల్లిదండ్రులకు పుట్టి, 1825లో బ్రాడ్ స్ట్రీట్‌లో హోటల్ తెరిచాడు. పైన బ్యాంకర్లు, వ్యాపారులు తింటుండగా కింది మాళిగలో దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలు తలదాచుకునేవారు. 1866లో ఆయన పోయినప్పుడు ఆయన గౌరవార్థం నగర చాంబర్ ఆఫ్ కామర్స్‌ను మూసి ఉంచారు. వంటకంలోనే చరిత్ర ఉందనుకుంటే న్యూయార్క్ వాళ్లు గుండెలకు హత్తుకోవాల్సింది డౌనింగ్ హోటల్‌ని. ఆ హోటల్ ఇప్పుడు లేదు, అది ఉన్న గదీ లేదు. ఆయన వారసత్వమంతా పుస్తకాల్లో మిగిలింది.

గ్రాండ్ సెంట్రల్ తెరిచేనాటికే ఆ నగరపు ఆల్చిప్పకు రోజులు దగ్గరపడ్డాయి. రేవు నీళ్లలో నగరపు మురుగంతా కలుస్తోంది. ఆల్చిప్ప నీటిని వడగట్టి బతికే జీవి. ఒక్కటి రోజుకు 50 గ్యాలన్ల దాకా వడగట్టగలదంటారు. నీటిని శుభ్రం చేసే ఆ గుణమే నీటిలోని రోగాన్నీ తనలో నింపుకుంటుంది. 1924 చివర్లో ఆల్చిప్పల ద్వారా టైఫాయిడ్ న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్‌లలో పాకి సుమారు 1,500 మంది మంచం పట్టారు, 150 మంది దాకా చనిపోయారు. మరుసటి ఏడాదే చిప్పజాతుల తిండికి దేశవ్యాప్త పారిశుద్ధ్య నియమాలు వచ్చాయి. 1927లో నగరపు చివరి ఆల్చిప్పల మడిని మూసేశారు. అంటే ఈ హోటల్ పుట్టిన 14 ఏళ్లకే దాని గుమ్మం దగ్గరి సముద్రం తిండి పెట్టడం మానేసింది. అప్పటి నుంచి ఇక్కడ వడ్డించేదంతా బయటి నీళ్లదే: లాంగ్ ఐలాండ్ వైపు నుంచి బ్లూపాయింట్, మసాచుసెట్స్ నుంచి వెల్‌ఫ్లీట్, కెనడా నుంచి మాల్‌పెక్, పసిఫిక్ తీరం నుంచి కుమమోటో. ఇందులో అట్లాంటిక్ తీరానివన్నీ ఒకే జాతి. పేరూ రుచీ పెరిగిన నీటిని బట్టి మారతాయి. ఒకప్పుడు వేసవి నెలల్లో ఆల్చిప్ప ముట్టరాదని నియమం ఉండేది. పెంపకం, శీతలీకరణ వచ్చాక అదీ సడలింది. ఎక్కడి సముద్రపు సరుకు ఎక్కడి పళ్లెంలోకి చేరుతుందన్నది రవాణా తేలుస్తుందని భీమవరం రొయ్యల రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో ఇటీవలి సంవత్సరాల్లో అన్ని దేశాల కంటే పెద్ద వాటా భారత్‌దే, అందులో ముందు వరస ఆంధ్ర చెరువులది. ఇప్పుడు హోటళ్ల నుంచి ఖాళీ చిప్పలు సేకరించి, వాటి మీద పిల్ల ఆల్చిప్పల్ని పెంచి రేవులో తిరిగి నాటే పథకం 2014 నుంచి నడుస్తోంది. అయినా వానొస్తే మురుగు పొంగి కలిసే ఆ నీళ్లలో పెరిగినదాన్ని తినడానికి అనుమతి లేదు. స్థానిక వంటకం, స్థానిక రుచి అని మనం వాడే మాటలు ఈ హోటల్ దగ్గర చెల్లవు. స్థానికంగా మిగిలింది గదొక్కటే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో రైలు ప్రయాణం సన్నగిల్లింది. హైవేలు, విమానాలు దూరప్రయాణికుల్ని ఎత్తుకుపోయాయి. స్టేషన్ మసిబారింది, రైల్వే కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. న్యూయార్క్ సెంట్రల్, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కలిసి పెన్ సెంట్రల్‌గా మారినా 1970లో దివాలా తీసింది. కింద భోజనశాల కూడా అదే దారి పట్టి మూతపడింది. అప్పటికి స్టేషన్‌ను నడుపుతున్న ప్రభుత్వ రవాణా సంస్థ జెరోమ్ బ్రోడీ అనే హోటల్ వ్యాపారిని పిలిచింది. ఫోర్ సీజన్స్, ఫోరం ఆఫ్ ది ట్వెల్వ్ సీజర్స్ లాంటి ఆడంబరపు రెస్టారెంట్లు పెట్టిన కంపెనీకి అధిపతిగా పనిచేసినవాడు. ఆయన పాత భోజనశాలను యథాతథంగా పునరుద్ధరించి ఉంటే, చరిత్రాభిమానులు మెచ్చుకునేవారేమో గానీ, రెండో దివాలా ఖాయం. బ్రోడీ మెనూలో ఉన్నదంతా తీసి అవతల పెట్టి, పాత గదిలో ఒక్క కౌంటర్‌కే పరిమితమైన సంగతిని హోటల్ మొత్తానికి విస్తరించాడు. చేపలు, పీతలు, ఆల్చిప్పలు, అంతే. రోజూ బజారుకు వచ్చిన సరుకును బట్టి మారే జాబితా. ఆల్చిప్పలే పాతిక ముప్పై రకాలు. మధ్య గదిలో ఎర్ర గళ్ల గుడ్డ పరిచిన బల్లలు, పక్కన వంకీ తిరిగిన కౌంటర్లు. ఆ కౌంటర్ వెనక ఆవిరితో వేడెక్కే చిన్న చిన్న లోహపు పాత్రలుంటాయి. వెన్న, చిప్పల రసం, కాస్త చిల్లీ సాస్, వూస్టర్‌షైర్ సాస్ వేసి, ఆల్చిప్పలు వేసి, మీగడ పోసి, రొట్టె ముక్క మీద ఒంపి, పైన ఎర్రటి మిరపపొడి చల్లి ఇస్తారు. నిమిషాల్లో అయిపోయే పని. రైలు టైము చూసుకుంటూ తినేవాడికి అంతకంటే ఏం కావాలి? ఈ వంటకం కంటే, అది వండే వేగం స్టేషన్ సొత్తు అనిపిస్తుంది.

అదే సమయంలో పైన స్టేషన్ ఉంటుందా పోతుందా అన్న పోరాటం నడుస్తోంది. నగరపు మరో మహా స్టేషన్, 1910లో తెరిచిన పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ స్థలంలో క్రీడా మందిరం లేచింది, రైళ్లు మాత్రం నేలమాళిగలో మిగిలాయి. ఎడిసన్ నుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్ ఎక్కి మాన్‌హట్టన్‌కు ఉద్యోగాలకు వచ్చే తెలుగువాళ్లు దిగేది ఆ నేలమాళిగలోనే. ఎదురు భవనంలో 2021లో కొత్త హాలు తెరిచేదాకా ఆ స్టేషన్‌కు ముఖమంటూ లేదు. ఆ కూల్చివేత రేపిన ఆగ్రహంతో 1965లో నగరం చారిత్రక కట్టడాల చట్టం చేసింది, 1967లో గ్రాండ్ సెంట్రల్‌ను అందులో చేర్చింది. 1968లో పెన్ సెంట్రల్ వాళ్లు మార్సెల్ బ్రాయర్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పితో స్టేషన్ నెత్తిన 55 అంతస్తుల మేడకు నక్షా గీయించారు. విల్గస్ కనిపెట్టిన గాలి బేరమే మళ్లీ, ఈసారి తల్లి మీదికే. నగరం ఒప్పుకోలేదు, కంపెనీ కోర్టుకెక్కింది. 1975 జనవరిలో కింది కోర్టు న్యాయమూర్తి కంపెనీ వైపు తీర్పిచ్చి, చారిత్రక హోదా చెల్లదన్నాడు. కొద్ది రోజులకే, జనవరి 30న, స్టేషన్‌ను కాపాడాలంటూ మాజీ ప్రథమ మహిళ జాక్వెలీన్ కెనెడీ ఒనాసిస్, మరికొందరు ప్రముఖులు విలేకరుల సమావేశం పెట్టారు. పెట్టింది ఆయిస్టర్ బార్‌లో. ఏడాది కిందటి దాకా తాళం పడిన గది అది. అక్కడ మనుషులు కూర్చుని తింటున్నారు కాబట్టే ఆ సమావేశం సమాధి దగ్గరి సంతాప సభలా కాకుండా పోరాటంలా కనబడింది. 1978 జూన్‌లో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో నగరం పక్షాన నిలిచింది. స్టేషన్ స్టేషన్‌గానే నడుస్తోంది, దాని మీద యజమానికి సహేతుకమైన ఆదాయం వస్తోంది, వాడుకోలేకపోయిన గాలి హక్కుల్ని చుట్టుపక్కల స్థలాలకు బదలాయించుకోవచ్చు, కాబట్టి ఆస్తిని లాక్కున్నట్టు కాదు అన్నది మెజారిటీ వాదన. అందులో మొదటి ముక్క గమనించాలి. వాడకంలో ఉండటం కూడా ఆ కట్టడం పక్షాన సాక్ష్యంగా నిలిచింది.

గదీ దాని వాడకమే హోటల్‌ను బతికించాయన్న మాటకు మొదటి అభ్యంతరం: కాపాడింది చట్టం, హోటల్‌ది అదృష్టం మాత్రమే. చట్టం లేకపోతే హోటల్ లేదు, నిజమే. అయితే చట్టం గోడల్ని నిలబెడుతుంది, గోడల మధ్య పొయ్యి వెలిగించదు. లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌లో 1939లో మేరీ కోల్టర్ అలంకరించిన ఫ్రెడ్ హార్వే రెస్టారెంటు ఉండేది. అందంలో ఆయిస్టర్ బార్‌కు ఏమాత్రం తీసిపోదు. 1967లో మూతపడింది. స్టేషన్ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందింది, గది చెక్కుచెదరలేదు. సినిమా షూటింగులకూ వేడుకలకూ తప్ప అర్ధ శతాబ్దం ఖాళీగా పడి ఉంది. 2018లో గానీ అక్కడ బీరు కాచే రెస్టారెంటు రాలేదు. రక్షణ రెంటికీ ఉంది. తేడా రైళ్లది. లాస్ ఏంజెలెస్‌లో జనం కార్లకు మళ్లారు, న్యూయార్క్ శివారు ఉద్యోగి రైలు వదల్లేదు. 1991లో గ్రాండ్ సెంట్రల్ నుంచి దూరప్రయాణ రైళ్లు పూర్తిగా ఆగిపోయాక కూడా హోటల్ చలించకపోవడానికి కారణం ఆ సీజన్ టికెట్ మనిషే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది: ఇదంతా బ్రోడీ ప్రతిభ, గదికి ఏం తెలుసు? ప్రతిభ లేదనడం అన్యాయం. చివరికి హోటల్‌ను ఉద్యోగులకే అమ్మి వెళ్లిన ఆ మనిషి దూరదృష్టి చిన్నదీ కాదు. అయితే ప్రతిభను గది నుంచి విడదీసి చూసే అవకాశం ఒకసారి వచ్చింది. 2013లో బ్రూక్లిన్‌లో ఇదే పేరుతో, ఇవే వంటకాలతో శాఖ తెరిచారు. పేరుకు పేరుంది, మెనూకు మెనూ ఉంది. కొన్నేళ్లకే మూతపడింది. అంతకు ముందే టోక్యోలో తెరిచిన శాఖ నిలదొక్కుకుంది. అదెక్కడుందంటే షినగావా రైల్వేస్టేషన్ భవనంలో. రెండు శాఖలతో సిద్ధాంతం కట్టలేం, హోటళ్లు మూతపడటానికి వెయ్యి కారణాలుంటాయి. కానీ 2020 ఇచ్చిన సాక్ష్యాన్ని తోసిపుచ్చడం కష్టం. కోవిడ్ వచ్చి మార్చిలో హోటల్ మూసేశారు. ఆ శరదృతువులో తెరిచి చూస్తే గది అదే, వంటవాళ్లూ వాళ్లే, ఆల్చిప్పలు నవనవలాడుతున్నాయి. ఆఫీసులు ఇళ్లకు మారడంతో రైళ్లలో జనం లేరు. కొద్ది రోజులకే మళ్లీ తాళం వేశారు. మరుసటి ఏడాది జనం రైళ్లలోకి తిరిగొచ్చాకే హోటల్ తేరుకుంది. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ఎవరైనా కావాలని చేసినా కుదరదు.

అలాగైతే గోడ మీది 1913 అన్న అంకె మోసం కాదా అని అడిగేవాళ్లుంటారు. వంటకాల వయసుగా చదివితే మోసమే. గదికి ఉన్న పని వయసుగా చదివితే కాదు. ప్రయాణంలో ఉన్న మనిషిని కూర్చోబెట్టి పెట్టడమన్న పని అప్పటి నుంచి, మధ్యలో తాళం పడిన కాలం మినహా, అక్కడ జరుగుతూనే ఉంది. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్‌లో 1901 నాటి ల త్రాఁ బ్లూ రెస్టారెంటుకూ ఇప్పటి పేరు 1963లో వచ్చిందే. పాత హోటళ్ల వయసు లెక్కగట్టడంలో మనం రుచికి ఎక్కువ మార్కులు, వాడకానికి తక్కువ మార్కులు వేస్తున్నాం.

యజమాని వైపు నుంచి ఉన్న అభ్యంతరాన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేయకూడదు. సుప్రీంకోర్టులో అసమ్మతి తెలిపిన ముగ్గురి తరఫున జస్టిస్ రెన్‌క్విస్ట్ లేవనెత్తింది అదే: ఊరందరి ఆనందానికి అయ్యే ఖర్చు ఒక్క యజమాని నెత్తిన ఎందుకు వేయాలి? న్యాయమైన ప్రశ్న. దానికి న్యూయార్క్ చివరికి డబ్బుతో జవాబిచ్చింది. ప్రభుత్వ రవాణా సంస్థ 1990లలో దీర్ఘకాల లీజు రాయించుకుని, పెద్ద మొత్తం పోసి స్టేషన్‌ను కడిగి బాగుచేసి, 2020లో 3.5 కోట్ల డాలర్లిచ్చి పూర్తిగా కొనేసింది. ఊరి ఆనందానికి ఊరే డబ్బు కట్టింది. సికింద్రాబాద్ స్టేషన్ కొత్త భవనం కోసం పాత ముఖద్వారాన్ని 2025లో పడగొట్టినప్పుడు హైదరాబాద్‌లో నడిచిన వాదనల్లో ఆర్చీల ఫొటోలు చాలా తిరిగాయి. ఆ భవనంలో ఏ గదిని జనం రోజూ వాడుకుంటున్నారు, కొత్తదానిలో ఆ వాడకానికి చోటెక్కడ అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినబడలేదు. ప్లాట్‌ఫారం మీద పూరీ తినే మనిషికి ముఖద్వారం కంటే ఆ ప్రశ్నే దగ్గరిది.

ధర మాట చివరికి మిగిలింది, తప్పించుకోవడానికి లేదు. 6 సెంట్లకు కడుపునిండిన ఊళ్లో ఇప్పుడు ఒక్కో ఆల్చిప్ప నాలుగు డాలర్ల అటూ ఇటూ. పేదవాడి తిండి పెద్దవాళ్ల సరదా అయింది, పర్యాటకుల తాకిడి పెరిగింది. ధర పెరగడంలో హోటల్ దోషం కొద్దే, రేవు చెడగొట్టుకున్న నగరానిదే ఎక్కువ. కాకపోతే దీని బలమంతా దారిన పోయే మనిషి నుంచి వచ్చిందన్న వాదన నిలవాలంటే, దారిన పోయే మనిషి లోపలికి రాగలగాలి. ఆ లెక్కన చూస్తే ఈ హోటల్లో విలువైన భాగం గళ్ల గుడ్డల బల్లలు కావు, కౌంటర్లు. ఒంటరిగా వచ్చి, ఒక గిన్నె సూపు లాంటి చౌడర్ తాగి, పావుగంటలో లేచి రైలెక్కే వీలు అక్కడే ఉంది. బల్లలకు చోటు కావాలని కౌంటర్లు తీసేసిన రోజు, పేరూ పైకప్పూ కమానులూ అలాగే ఉన్నా, ఇది స్టేషన్‌లో పెట్టిన ఖరీదైన రెస్టారెంటే తప్ప స్టేషన్ హోటల్ కాదు. ఇదే తర్కం దీని అభిమానులకు రుచించని ఇంకో చోటికీ తీసుకెళ్తుంది. ఆయిస్టర్ బార్ అద్దెకున్న హోటల్. ఎప్పుడో ఒకనాడు లీజు ముగిసి, అదే కమానుల కింద ఇంకెవరో వచ్చి ఆల్చిప్పలు పూర్తిగా తీసేసి, నాలుగు డాలర్లకు నూడుల్స్ పెడితే, సాయంత్రం రైలు మనిషి ఆగి తినిపోతుంటే, 1913 అన్న అంకె ఆ బోర్డు మీదా చెల్లుతుంది.